తనంతట తాను తిరిగిన జిన్ను

"ఈ మిల్లు ఇంకొక పానం తీసుకోకుండా ఊరుకోదు యేసేపప్పా. నాకు తెలుస్తానే ఉంది. పొద్దున్నుంచి కుడికన్ను ఒకటే అదురుతాంది."

అక్బర్‌బీ ఆ మాట అనేటప్పటికే మిల్లు ఒక ప్రాణం తీసుకుని ఉంది. ఆదోని జిన్నింగు మిల్లు గేటు ముందు నిలబడి, ఎమ్మిగనూరు బస్సు దిగి వస్తున్న డిటెక్టివ్ యేసేపుకు ఎదురుపోయి మరీ అంది. అని, ఆయన మొహంలోకి ఆశగా చూసింది. ధైర్యం చెప్పే ఆనవాలు ఒక్కటీ అందులో కనిపించలేదు. నలభై దాటిన మనిషి. మాసిన చొక్కా, భుజాన గుడ్డసంచి. మిలిటరీలో ఏళ్ల తరబడి వైర్లు లాగి, తిరిగొచ్చి, ఎమ్మిగనూరులో సైకిలు షాపు మిద్దె మీద డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాడు. ఇంతవరకూ ఆయన పట్టుకున్నవి తప్పిపోయిన ఎద్దులు, అలిగి పోయిన అల్లుళ్లే అని బజార్లో చెప్పుకుంటారు. ఇట్లాంటి మనిషి చేతిలో నా బిడ్డ ప్రాణం పెట్టానే అనుకుంది ఆమె.

"కన్ను సంగతి మళ్ల చూద్దాంలేమ్మా," అన్నాడు యేసేపు విసుగ్గా. "ఆదోని వచ్చేదాకా ఒకాయన కోడిపుంజును నా ఒళ్లో పెట్టి నిద్రపోయినాడు. నాకసలే తిక్కతిక్కగా ఉంది. జరిగింది చెప్పు. ఏడవకుండా చెప్పు."

ఏడవకుండా చెప్పడం ఆమెకు చేతకాలేదు గానీ, చెప్పింది.

వాళ్లు దూదేకుల వాళ్లు. అక్బర్‌బీ పరుపులు కుడుతుంది. కొడుకు హుస్సేన్ ఈ మిల్లులో ఎలక్ట్రీషియన్. పోయిన శుక్రవారం మధ్యాహ్నం వాడు నమాజుకు పోయినప్పుడు మొదటి జిన్ను దానంతటది ఆగింది. పత్తిలోంచి గింజను విడదీసే పెద్ద మిషను అది. రోలర్లలో ఇరుక్కున్న పత్తి పీకడానికి క్లీనరు తిక్కయ్య చెయ్యి పెట్టాడు. జిన్ను తిరిగింది. మోటారు రూముకు తాళం ఉంది. దాన్ని పగలగొట్టి కరెంటు తీసేలోపల జరగాల్సింది జరిగిపోయింది. ఆస్పత్రి గేటు దాటకముందే తిక్కయ్య పోయాడు.

"ఆ రూము తాళంచెవి నా కొడుకు మొలతాడుకు ఉంటాది. అందుకని నమాజు మధ్యలో వాడే వచ్చి, బటన్ ఒత్తి, మళ్ల తాళం ఏసి పోయినాడంటాండారు. సంపినాడంటాండారు యేసేపప్పా! ఎస్సై జాతర బందోబస్తుకు మీ ఊరికే పోయినాడంట. సాయంత్రానికి వస్తాడంట. వచ్చినాడంటే జీపెక్కిచ్చి కర్నూలు జైలుకే. వాడు చీకట్లో ఒంటరిగా పడుకోలేడు. చిన్నప్పట్నుంచీ అంతే."

"వాడేమంటాడు?"

"వాడా?" ఆమె గొంతు కీచుమంది. "ఆ పొద్దునుంచి నోరు తెరిస్తే కదా! అన్నం తినమంటే పలకడు, నీళ్లు తాగమంటే పలకడు. కొట్టినా, కాళ్లు పట్టుకున్నా. ఉహూఁ."

గేటు లోపల వాళ్లకు అడ్డం నిలబడింది మాదన్న. హెడ్ కానిస్టేబులుగా రిటైరై ఇప్పుడు మిల్లు సేటుకు సొంత మనిషిగా ఉంటున్నాడు. ఖాకీ పోయింది గానీ మీసం పోలేదు. ఎస్సై వచ్చేదాకా హుస్సేన్‌ను కనిపెట్టుకుని ఉండే పని అతనిది.

"ఏం యేసేపూ, ఎద్దు దొరికిందా?"

"దొరికిందన్నా. మీ ఇంటెనకాల్నే కట్టేసి ఉండె. నీ మొహం చూసి ఊరుకున్నా."

మాదన్న నవ్వలేదు. "ఈ కేసు అయిపోయింది. రేడియో కాడ ఇద్దరూ కొట్టుకున్నారు. తిక్కయ్యది కర్ణాటక అంచున హొళగుంద పక్క ఊరు, వానికి కన్నడ పాటలు కావాల. వీనికి క్రికెట్టు కావాల. రేడియో పగిలిపాయ, మాటలు పాయ. శుక్రవారం వాని పానం పాయ. తాళంచెవి ఒకటే, అది వీని మొలకే ఉంది. ఇంకేం కావాలప్పా నీకు?"

"వీడు నమాజులో ఉండినాడని మసీదులో వందమంది చూసినారు కదా?"

"అందరూ తలకాయలు కిందికి పెట్టుకోని ఉంటే ఎవడు లేచిపోయింది ఎవడు చూస్తాడు?"

"చూడని దానికి నువ్వెట్ల సాక్ష్యం చెప్తావు?"

"నా సర్వీసంత లేదు నీ వయసు, నాకు చెప్తావా!" అని మాదన్న కళ్లెర్ర చేశాడు. కానీ సేటు అడిగితే అడ్డుకున్నాడన్న మాట రాకూడదని దారి వదిలాడు.

తూకం షెడ్డులో ఒక పత్తి బేలు మీద హుస్సేన్ కూర్చుని ఉన్నాడు. శుక్రవారం తొడిగిన తెల్లచొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. నమాజు నుంచి ఉరికొచ్చి, ఆస్పత్రికి ఎత్తినప్పుడు మోచేతి దగ్గర అంటిన రక్తం మరక. అది ఎవరిదో అక్బర్‌బీకి తెలుసు. అటువైపు చూడకుండా కొడుకు తల నిమిరింది.

"నాయనా, యేసేపప్ప వచ్చినాడు. ఒక్క మాట చెప్పు. నేను కాదు అను. అంతే చాలు."

హుస్సేన్ నేలవైపు చూస్తూ ఉండిపోయాడు. యేసేపు అడిగాడు. మసీదుకు ఎప్పుడు పోయావు, తాళంచెవి ఎవరికైనా ఇచ్చావా, తిక్కయ్య మీద నీకు కోపమా. గోడను అడిగినట్టే ఉంది. అక్బర్‌బీకి కొడుకును రెండు చెంపలూ వాయించాలనిపించింది. ఆ వెంటనే ఒళ్లోకి లాక్కోవాలనిపించింది. రెండూ చెయ్యలేక కొంగు కొరుక్కుంది.

"వద్దులే, ఇడిసిపెట్టు," అన్నాడు యేసేపు. "మనిషి చెప్పకుంటే మోటారును అడుగుదాం."

మధ్యాహ్నం తిండి వేళ. మిల్లు ఆగి ఉంది. జిన్నుల మధ్య కూలివాళ్లు గిన్నెలు విప్పుకుని కూర్చున్నారు. మొదటి జిన్నుకు పత్తి అందించే హనుమంతమ్మ జొన్నరొట్టెలో పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ ఉంది. శుక్రవారం తిక్కయ్యకు ఎదురుగా ఉన్నది ఆమే.

"నువ్వు చూసింది చూసినట్టు చెప్పక్కా. దయ్యం గియ్యం అనొద్దు. గేటు కాడ నలుగురు అప్పుడే దయ్యమని చెప్పినారు."

"దయ్యం కాకుంటే ఏందన్నా మళ్ల?" అంది హనుమంతమ్మ. తర్వాత యేసేపు మొహం చూసి తగ్గింది. "ఈ మధ్య దీనికి ఇదే రోగం. గర్రుమని తిరుగుతా తిరుగుతా నిలిచిపోతాది. ముందైతే హుస్సేను ఆ తలుపు కాడికొచ్చి, తిక్కయ్యా ఒత్తుతాండా, అని కేకేస్తాండె. వీడు ఊఁ అంటేనే ఒత్తేది. రేడియో పగిలినాక కేకల్లేవు. నిలిచిపోతాది, కొంచేపుంటే అదే తిరుగుతాది."

"అదే తిరుగుతాదా, ఎవరన్నా ఒత్తుతారా?"

"గోడవతల ఎవరు ఒత్తేది మాకేం కనబడతాది? తిరిగిందంటే ఎవరో ఒత్తినారనే కదా!"

"కేక లేకుండా తిరుగుతాదని తెలిసీ తిక్కయ్య చెయ్యెట్ల పెట్టినాడు?"

హనుమంతమ్మ రొట్టె పక్కన పెట్టింది. "మామూలుగా పెడతాండ్లే. భయపడతాండె. శుక్రవారం మాత్రం హుస్సేను గేటు దాటి పోయేది చూసినాడు. చూసి, ఇప్పుడు ఒత్తేటోడే లేడు కదక్కా, బిరీన పీకేస్తా అన్నాడు. నవ్వుతా అన్నాడన్నా. నవ్వుతానే పెట్టినాడు."

అక్బర్‌బీ చెవులు మూసుకుంది. యేసేపు మాత్రం హనుమంతమ్మ గిన్నెలోకి చూస్తున్నాడు.

"మిరపకాయలు బాగున్నాయే. యాడివి?"

"మా మేస్త్రి తోటవి. నందవరం కాడ. మనసున్న మనిషి, మా అందరికీ తెచ్చిస్తాడు."

కొడుకు తల మీద కత్తి వేలాడుతుంటే ఈయన మిరపకాయల గురించి అడుగుతున్నాడు! అక్బర్‌బీ పళ్లు నూరుకుంది. అల్లుళ్లను వెతికే మనిషిని తెచ్చుకున్నందుకు తననే తిట్టుకుంది.

మేస్త్రి బసన్నను పిలిచారు. యాభై దాటినవాడు. తలకు తువ్వాలు, చొక్కాజేబులో పెన్నుతో పాటు టెస్టరు. అక్బర్‌బీని చూడగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మొగుడు పోయినప్పుడు హుస్సేన్‌ను ఈ పనిలో పెట్టించింది అతనే. ఆమెకు అతనంటే దేవుడి తర్వాత దేవుడు.

"తాళం ఎవరు పగలగొట్టినారు బసన్నా?"

"నేనే సార్. తిక్కయ్య అరుపు ఇని గడ్డపార తీసుకోని ఉరికినా."

"తాళం బయట ఏసే ఉండెనా?"

"ఏసే ఉండె."

"లోపలికి ముందు పోయింది?"

"నేనే. మెయిను పీకినా. తర్వాత అందరూ వచ్చినారు."

"లోపల ఎవరన్నా ఉండిరా?"

"ఎవరూ లేరు సార్."

"చూసినావా!" అన్నాడు మాదన్న. "ఒత్తి, తాళమేసి, గోడ దూకి పోయినాడు."

"అరుపు ఇనబడేటప్పటికే జిన్ను తిరుగుతాంది," అన్నాడు యేసేపు. "ఒత్తినోడు అప్పుడే తలుపు మూసి, తాళం ఏసి, బయటికి రావాల. తలుపు ముందర ఇంతమంది. ఒక్కరు చూడలే. నీ హుస్సేను ఈగా, దోమా?"

"నా హుస్సేనంటావేం! ఈ యమ్మ హుస్సేను!"

"ఇద్దరూ గమ్మునుండండప్పా!" అని అక్బర్‌బీ అరిచింది. ఎండ గోడ మీదికి ఎక్కుతోంది. వీళ్లిద్దరూ పందెంకోళ్లలా కొట్టుకుంటుంటే సాయంత్రం జీపు వచ్చి నిలబడుతుంది.

యేసేపును మోటారు రూములో అడుగుపెట్టనివ్వడానికి ఆమెకు మనసొప్పలేదు. ఈయన ఏ వైరు ముట్టుకుని అక్కడే మాడిపోతాడో, ఆ చావూ తన కొడుకు ఖాతాలోనే పడుతుందేమో అని గుమ్మంలో నిలబడి ఒకటే గొణిగింది. హుస్సేన్‌ను కళ్లముందే పెట్టుకోవాలి కాబట్టి మాదన్న వాణ్ణి కూడా తెచ్చి గోడవారగా నిలబెట్టాడు.

గదంతా పత్తినూగు. స్విచ్చుల మీద, వైర్ల మీద బూజులా పట్టి ఉంది. యేసేపు మెయిను తీసి, స్టార్టరు మూత విప్పి, టార్చి వేసి ముక్కు ఆనించేంత దగ్గరగా చూశాడు.

"పేలు చూస్తాండావా?" అన్నాడు మాదన్న.

"దొరికినాయి. రెండు."

అందరూ వంగారు. స్టార్టరులో అన్నిటి మీదా నూగు ఉంది. కింద ఉన్న చిన్న నీలం బటన్ మీద మాత్రం లేదు. ఎవరో ఈమధ్యే తిప్పిన గుర్తు. మోటారును నడిపించే పచ్చ బటన్ అంచు పగిలి, ఆ సందులో సూదంత చెక్కపేడు ఇరుక్కుని ఉంది.

"ఇదిగోమ్మా, నీకు అర్థమయ్యేటట్టు చెప్తా," అని యేసేపు అక్బర్‌బీ వైపు తిరిగాడు. "మోటారు మీద బరువు ఎక్కువైతే కరెంటు ఎక్కువ లాగుతాది. ఈ రిలేలో ఒక రేకు ఉంటాది. అది వేడెక్కి వంగి, కరెంటు తెంచుతాది. లేకుంటే మోటారు కాలిపోతాది. రేకు చల్లారితే మళ్ల నిటారుగా అవుతాది. అయినా మోటారు తిరగదు. మనిషి వచ్చి ఈ నీలం బటన్ ఒత్తి, మళ్ల పచ్చది ఒత్తాల. కానీ ఈ నీలం దాన్ని ఇట్ల పక్కకు తిప్పినామనుకో, మనిషితో పన్లేదు. రేకు చల్లారగానే అదే సర్దుకుంటాది. ఇంగ పచ్చ బటన్ ఎప్పుడూ ఒత్తే ఉండేటట్టు సందులో పుల్ల కుక్కితే..."

"తిరుగుతాదా?" అంది అక్బర్‌బీ నోరు తెరిచి.

"తిరగదు!" అన్నాడు మాదన్న. "కట్టుకథ. కరెంటు ఇంజనీర్లు లేరా? వాళ్లకు తెలియనిది నీకు తెలుసా?"

"అన్నా, అగ్గిపెట్టె ఇట్లియ్యి."

యేసేపు మూడు అగ్గిపుల్లలు విరిచి పచ్చ బటన్ సందులో కుక్కాడు. నీలం బటన్ పక్కకు తిప్పాడు. మూత వేసి, మెయిను వేసి, అందర్నీ బయటికి తోసి, తలుపుకు కొత్త తాళం వేయించాడు. చెవి మాదన్న జేబులోనే పెట్టించాడు.

"దాని మీద చెయ్యి పెట్టుకోని నిలబడు. ఎవరన్నా గుంజుకుంటే కేకెయ్యి."

తాళం వేసే లోపలే జిన్ను తిరుగుతోంది. హనుమంతమ్మ బెదురుతూ దోసిళ్లతో పత్తి వేసింది. మామూలుగా వేసేంతే. కాసేపటికి మోటారు మూలిగి, రోలర్లు నెమ్మదించి, ఆగిపోయాయి.

"దగ్గరికి పోవద్దు! ఎవరూ పోవద్దు!"

ఎవరూ పోలేదు. రోలర్ల మధ్య పత్తి తెల్లగా ఇరుక్కుని ఉంది. చెయ్యి పెట్టి పీకితే వచ్చేటట్టే ఉంది. మాదన్న ఎగతాళిగా బీడీ ముట్టించాడు. అక్బర్‌బీకి రోలర్ల మీదినుంచి చూపు తిప్పబుద్ధి కాలేదు. ఇది తిరగకపోతే కొడుకు హంతకుడు. తిరిగితే? తిరిగితే ఏమవుతుందో కూడా ఆమెకు తెలియలేదు. హుస్సేన్ వైపు చూసింది. వాడు కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

బీడీ సగం కూడా కాలలేదు.

గర్రుమని జిన్ను తిరిగింది. ఇరుక్కున్న పత్తిని ఒక్క గుటకలో మింగి, ఏమీ ఎరగనట్టు తిరుగుతూ ఉంది. ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. మాదన్న జేబు తడుముకున్నాడు. తాళంచెవి అక్కడే ఉంది.

"ఇంగ చెప్పన్నా. నువ్వే ఒత్తినావా?"

మాదన్న బీడీ నేలకేసి తొక్కాడు. మనిషి కంగు తిన్నాడు గానీ పాత పోలీసు. "సరే. ఎవరూ ఒత్తలే. అయితే ఆ నీలం బటన్ తిప్పేది తెలిసినోడు ఈ మిల్లులో ఎవడు? ఎలక్ట్రీషియనే కదా! ముందే తిప్పిపెట్టి, నేను నమాజులో ఉండానని చెప్పుకునేదానికి పోయినాడు. నా కేసుకు నువ్వే మేకు కొట్టినావు యేసేపూ. శభాష్."

అక్బర్‌బీకి ఆ మాటల అర్థం తెలిసింది. అప్పటిదాకా కొడుకు ఒక పిచ్చికోపంలో ఒత్తాడన్నారు. ఇప్పుడు పథకం వేసి చంపాడంటారు. ఆమె యేసేపు భుజం పట్టి ఊపేసింది.

"నా బిడ్డను ఇడిపియ్యమని పిలిస్తే ఉరితాడు పేనిస్తివి కదప్పా! ఎందుకు పిలిచినాన్రా దేవుడా నిన్ను! ఎద్దుల్ని ఎతుక్కోని బతికేటోనివి, నీకెందుకు ఈ మోటార్లు!"

"అమ్మా!" అని యేసేపు కసిరాడు. ఆయనకూ ఓపిక అయిపోయింది. "ఒకరు దయ్యమంటారు, ఒకరు ఉరితాడంటారు. అడగాల్సింది ఒక్కరూ అడగరే! మామూలు పత్తికే అది ఎందుకు ఆగిపోయింది? ఏం బరువేసినామని?"

ఆయన మెయిను మళ్లీ తీయించి, మోటారు పక్కన గోడకున్న బూడిదరంగు ఇనుప డబ్బా దగ్గరికి పోయాడు. వేలి కణుపుతో కొట్టాడు. డొల్లగా మోగింది. మూత తీశాడు. లోపల మూడు వైర్లు తెగి, కొనలకు నల్లటేపు చుట్టి ఉన్నాయి. అడుగున దుమ్ములో గుండ్రంగా మూడు శుభ్రమైన మచ్చలు. ఏవో అక్కడ చాలాకాలం నిలబడి, ఈమధ్యే లేచిపోయినట్టు.

"కెపాసిటర్లు. పవర్ ఫ్యాక్టర్ బాగుండాలని కరెంటోళ్లు పెట్టిచ్చేవి. మోటారుకు కావాల్సిన కరెంటులో కొంత ఇవి ఇస్తాండె. మిగతాదే రిలేలో నుంచి వస్తాండె. ఇద్దరు మోసే మూట ఇది. ఒకణ్ణి తీసేస్తే మొత్తం రెండోవాని మీద పడ్తాది. రిలే ఊరికే వేడెక్కి ఆగిపోయేది అందుకు." యేసేపు నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. "ఈ డబ్బాలు ఇంట్లో పెట్టుకుంటే దేనికీ పనికిరావు. ఒక్క దానికే పనికొస్తాయి. మూడు ఫేజుల బావి మోటారును రెండు ఫేజుల కరెంటుతో తిప్పేదానికి. బసన్నా, నందవరంలో పగటి పూట ఎన్ని ఫేజులు వస్తాయి?"

బసన్న తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "రెండే సార్."

"అందరి తోటలూ ఎండిపోతాండాయి. బస్సులో అదే మాట. నీ మిరప పచ్చగా ఉంది."

"దేవుని దయ సార్."

"కరెంటు వచ్చినప్పుడు మోటారు దానంతటదే తిరగాలని రైతులు స్టార్టరు బటన్లో పుల్ల కుక్కుతారు. నేను మన పక్క ప్రతి బావి కాడా చూసినా. మిల్లు ఎలక్ట్రీషియన్లు కుక్కరు. శుక్రవారం ఈ రూములోకి ముందు పోయినోడు ఆ పుల్ల పీకినాడు. నీలం బటన్ మళ్ల యథాస్థానంలోకి తిప్పినాడు. ముందు పోయింది నువ్వే అని నువ్వే చెప్పినావు."

"నా చేతిలో పుల్ల ఎవరన్నా చూసినారా?" బసన్న గొంతు మొదటిసారి గట్టిపడింది. "హుస్సేను నా బిడ్డ లాంటోడు. వాణ్ణి అడగండి. వాడు చెప్పమను."

అందరూ హుస్సేన్ వైపు తిరిగారు. అక్బర్‌బీ కొడుకు ముందుకు పోయి నిలబడింది. ఈసారి ఏడవలేదు. బతిమాలలేదు.

"హుస్సేన్. నాకు ఏదైనా తట్టుకునే శక్తి ఉంది. నువ్వు మాట్లాడకుండా ఉండేది తట్టుకునే శక్తి లేదు. చెప్పు."

హుస్సేన్ పెదాలు కదిలాయి.

"నీలం బటన్ తిప్పింది నేనే మా."

అక్బర్‌బీ గోడ పట్టుకుంది.

"దూరం పోయేటప్పుడు తప్ప ఆ రూముకు నేను తాళం ఏయను. డబ్బాలు పోయినాయని చూసి మేస్త్రిని అడిగినా. కాయ దిగేదాకా ఓర్చుకోరా, తెచ్చి పెట్టేస్తా అన్నాడు. అన్నం పెట్టినాయన కదా. రిలే ఎక్కువ కరెంటుకు ఓర్చేటట్టు పెంచుదామంటే అది అప్పటికే చివరంటా ఉంది. సరే అని అదే సర్దుకునేటట్టు తిప్పినా. పుల్ల చెక్కి పెట్టింది ఆయన. నిలిచినా అదే తిరుగుతాది, చెయ్యి పెట్టొద్దని తిక్కయ్యకు చెప్పాల. ఒక్కనికే చెప్పాల్సింది. నాకూ వానికీ మాటల్లేవు కదా. నువ్వు చెప్పు మేస్త్రీ అని ఆయనకు చెప్పినా." వాడు తన మోచేతి మీది మరకను చూసుకున్నాడు. "రెండడుగుల దూరంలో ఉండె తిక్కయ్య, మా. నేను నోరు తెరిచి ఒక్క మాట అనింటే బతుకుతాండె. అప్పుడు మాట్లాడనోణ్ణి ఇంగ ఇప్పుడు ఏం మాట్లాడాల?"

అక్బర్‌బీ కొడుకు చేతిని పట్టుకుని, మరక ఉన్న ఆ మోచేతినే, తన గుండెలకు అదుముకుంది. వాడు చేసింది తప్పే. ఎంత తప్పో ఆమెకు తెలియదు. కానీ వాడు చంపలేదు.

యేసేపు బసన్న ముందుకు వచ్చాడు. గొంతులో విసుగు లేదు. అది పోయినందుకే అక్బర్‌బీకి ఎక్కువ భయమేసింది.

"బసన్నా, తిక్కయ్యకు చెప్పినావా?"

బసన్న తువ్వాలు మడత పెట్టడం మొదలుపెట్టాడు. మడత పెట్టాడు, విప్పాడు, మళ్లీ మడత పెట్టాడు. మాదన్న అతని పక్కకు జరిగి, దారికి అడ్డంగా నిలబడ్డాడు. హనుమంతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గేటు బయట ఎక్కడో జీపు హారను మోగింది, ఆగింది. ఇంజను ఆగింది. తలుపు తీసి మూసిన చప్పుడు వినపడింది. అయినా బసన్న తల ఎత్తలేదు. కంకర మీద బూట్ల చప్పుడు దగ్గరకొస్తూ ఉండగా, నేలను చూస్తూనే, పక్కవాడికి చెప్తున్నంత మెల్లగా అన్నాడు.

"చెప్పలే. వాడు ఆ డబ్బాలు నా బండిలో చూసినాడు, సేటుకు చెప్తానన్నాడు. శుక్రవారం వాడు చెయ్యి పెట్టేటప్పుడు నేను ఎనకాల్నే ఉన్నా సార్. చూస్తానే ఉన్నా. అప్పుడూ చెప్పలే."